నలభయ్యోసారి

ఔలులో ఫిబ్రవరి. సముద్రం గడ్డకట్టి
దాని మీద స్కీల చారలు.
నా ఉద్యోగం గుడ్డెద్దుకి పరీక్ష పెట్టడం.

మా ఫజ్జర్ గుడ్డెద్దే, మేమే కావాలని గుడ్డిది చేశాం.
కెర్నెల్ అనే చేలోకి తోలతాం.
తెరవని ఫైలుని మూయమంటుంది,
లేని చిరునామాకి ఉత్తరం వేస్తుంది,
మైనస్ ఒక్క బైటు చదివిపెట్టమంటుంది.
కెర్నెల్ ఓపిగ్గా కాదు, కాదు, కాదంటూ
ఏ లక్షకో ఒకసారి
కాదనడం మరిచి కూలబడుతుంది.
అది కూలిన చోటే మాకు పంట.

మరి ఎద్దు తొక్కిందో లేదో చెప్పేదెవరు?
ఒకే గోతిని పది గోతులని లెక్కేస్తే?
కంచే చేను మేస్తుందేమోనని
కంచెకి ఇంకో కంచె అల్లుతాను నేను.
పచ్చగా వెలిగినన్నాళ్ళు ఎవరూ ఇటు చూడరు.

నలభైలో ఒకసారి ఎర్రబడే టెస్టు ఒకటుంది.
పందొమ్మిది పంక్తుల ప్రోగ్రాముని
కూల్చే గుణం పోకుండా కోసి కోసి
రెండు పంక్తులకి తేవాలి.
ముప్ఫై తొమ్మిదిసార్లు రెండే మిగులుతాయి.
నలభయ్యోసారి మూడు.
"మళ్ళీ నొక్కు" అంటుంది సిర్కు.
నొక్కుతాం. పచ్చ. కాఫీ.
మూడేళ్ళుగా ఇదే మా వ్రతం.

టెస్టు నెత్తిన తైస్టో రాసిపోయిన వ్యాఖ్య:
"ఎందుకో తెలీదు. తాకొద్దు."
తైస్టో రిటైరై ఉత్తరాన ఏదో సరస్సు దగ్గరున్నాడు. ఫోనెత్తడు.

ఈ వారం తాకాను.
ముందు చేసింది చాలా చిన్న పని.
టెస్టు ఇన్నాళ్ళూ గడియారాన్నడిగి
విత్తనంగా ఒక అంకె తెచ్చుకుని, పాచికలేసి,
అంకెని గుట్టుగా మింగేసేది.
కక్కించాను.

గురువారం, చీకటి పడే వేళ, ఎరుపు.
విత్తనం 80617.
అదే అంకె మళ్ళీ ఇచ్చాను. ఎరుపు.
మళ్ళీ. ఎరుపు.
సిర్కు ఉలిక్కిపడేలా బల్ల చరిచాను.
ప్రతిసారీ ఓడిపోవడంలో ఎంత హాయుందో
అప్పుడప్పుడూ ఓడిపోయేవాళ్ళని అడగాలి.

మిగిలిన మూడు పంక్తులు చూశాను.
మొదటిది మెమరీ విడిచిపెడుతుంది.
చివరిది విడిచినదాన్నే మళ్ళీ విడుస్తుంది.
మధ్యది ఏ పనీ చేయదు,
పది మిల్లీసెకన్లు నిద్రపోతుంది.
కొట్టేశాను. టెస్టులోని బొమ్మ కెర్నెల్ నిక్షేపంగా నడిచింది.
తిరిగి పెట్టాను. కూలింది.
కొట్టేశాను, నడిచింది.

మిగతా ముప్ఫై తొమ్మిదిసార్లూ
నిద్ర లేకపోయినా అదృష్టం కొద్దీ ఒక్కసారి కూలితే
చాలని నమ్మేసి
కత్తెర ఆ పంక్తిని ఊడ్చి పారేసింది.
మేం పచ్చ చూసి మురిశాం.
ఎరుపొక్కటే నిజం చెప్పేది,
దాన్ని నొక్కి నోరు మూయించాం.

అప్పుడు గుర్తొచ్చాయి
ఊరూరా పంపిన మా రెండు పంక్తుల రిపోర్టులు.
పోలెండు నుంచి ఒకావిడ రాసింది: "మా దగ్గర కూలడం లేదండీ."
మేమేమన్నాం?
మళ్ళీ నొక్కి చూడమన్నాం.

సరిదిద్దడం పెద్దగా ఏమీ లేదు.
ఏ పంక్తి కొట్టేసినా ఐదుసార్లు కూలితేనే నమ్మమన్నాను.
"రెండు రావాలి" అన్నచోట "మూడు" అన్నాను.
తొమ్మిది రోజులకి ఆరు వరసలు.
పోలెండావిడకి క్షమాపణ రాయడానికి
అంతకన్నా ఎక్కువ వరసలే పట్టాయి.

తైస్టో వ్యాఖ్య తీసేసి నాది పెట్టాను:
"మధ్యది నిద్రపోతోంది. లేపొద్దు."

అతనికీ ఒక సందేశం పంపాను, కారణం దొరికిందని.
రెండు రోజులకి ఫోటో వచ్చింది.
మంచులో తొలిచిన గుండ్రటి రంధ్రం,
అందులోకి కదలని గాలపు తాడు,
పక్కన ముక్కాలి పీట.
మాట లేదు.
పీట మీద మంచు రాలలేదు,
ఇప్పుడే లేచినట్టుంది.