నది వైపు గది

నది వైపు గదికి రెండు పెసోలు ఎక్కువ.
ధరల పలక ఇంకా గోడకే ఉంది,
ఎనామిల్ పెచ్చులూడి, ఒక సున్నా రాలిపోయి.

మగ్దలేనా ఒడ్డున ఈ మూడంతస్తులు లేపినవాడు
ఎలియాస్ నజ్జార్, బీరూట్ నుంచి బట్టల మూటతో దిగినవాడు.
నేల పలకలు మార్సెయ్ నుంచి,
నిలువుటద్దాలు హాంబర్గ్ నుంచి,
అప్పు మాత్రం ఊళ్ళోనే.

మా అమ్మమ్మ సతుర్నీనా చాకిరేవులో
రోజుకి నలభై దుప్పట్లు ఉతికేది.
పొగపడవ కూత వినపడితే చాలు,
ఏ పడవో, ఎందరు దిగుతారో, ఎన్ని దిండు గలీబులు కావాలో
చేతులు తుడుచుకోకుండానే చెప్పేసేది.
"కాఫీ దొరలది చెమట,
పొగాకు దొరలది సిరా,
పాటకత్తెలది..." అని ఆగి నవ్వేది.
ఆ మరక సంగతి నాకు పెళ్ళయ్యాక గానీ చెప్పలేదు.

వరదొచ్చిన ఏడు నది మెట్లెక్కి
భోజనాల గదిలోకే వచ్చింది.
పియానో కాళ్ళు తడిసేదాకా కూర్చుని
మూడో రోజు మర్యాదగా దిగిపోయింది.
గోడ మీద గీత గీసి తేదీ వేశాడు నజ్జార్,
గొప్ప అతిథి సంతకం చేసి వెళ్ళినట్టు మురిసిపోతూ.

అది అప్పటికే సామాను సర్దుకుంటోందని ఎవరికి తెలుసు?
ముందు ఇసుక మేట. మేట మీద గడ్డి.
గడ్డిలో ఎవరిదో మేక.
పడవలు అవతలి పాయలో కూతేసుకుంటూ పోయేవి,
ఎంత దూరంగా అంటే
అమ్మమ్మ పడవ పేరు పోల్చుకోలేకపోయేది.
అంతకు మించిన తలవంపు ఆమెకి ఇంకోటి లేదు.

వంటవాడు చమురు బావుల మెస్సుకి పోయాడు.
పియానో జీతాల కింద పోయింది.
రెండో అంతస్తు కొన్నాళ్ళు బడి, కొన్నాళ్ళు గోదాము,
ఒక ఎన్నికలప్పుడు లాకప్పు.
నజ్జార్ మాత్రం రోజూ సాయంత్రం
తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని
రేవు మెట్ల మీద నిలబడేవాడు,
మేకలకి ఎదురుగా.

పద్దు పుస్తకంలో, బాకీ ఎగ్గొట్టినవాళ్ళ పేజీలో,
ఆఖరి పేరు మగ్దలేనా.
దస్తూరీ ఎవరిదో తెలీదు.
అమ్మమ్మకి రాయడం రాదు.

ఇప్పుడు తాళాలు నా దగ్గర.
ఏడాదికి నలుగురో ఐదుగురో వస్తారు, కెమెరాలతో.
నది ఎక్కడ అంటారు.
కిటికీ తెరుస్తాను:
బంతాడే పిల్లలు, ఆరేసిన చొక్కాలు,
వాటి వెనక, ఎండ సరిగ్గా పడితే,
సూదిమొనంత మెరుపు.

అదిగో, అంటాను.
రెండు పెసోలు ఎక్కువే పుచ్చుకుంటాను.