అయిదోది

కోవెంట్రీ. పందొమ్మిది వందల పన్నెండు, ఫిబ్రవరి.
రేకుల షెడ్డు, తలుపు బార్లా తీసే ఉంది.
పొగ చంపుతుందో చలి చంపుతుందో
ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.

దుంగల బల్లకు బిగించిన ఆరు సిలిండర్ల ఇంజన్
ఉన్నచోటనే వణుకుతోంది.
నా పని పలక పట్టుకోవడం,
పెల్లింగ్ వేళ్లతో చూపిన అంకె రాయడం.
ఆయన చెవులు ఏనాడో ఇంజన్లకిచ్చేశాడు.
చీపురు కర్ర ఒక కొన ఇనుము మీద,
మరో కొన పళ్ల మధ్య:
దవడ ఎముకతో వింటాడు.

"ఒకటి కుంటుతోంది."

దీపం ఆర్పించాడు.
గొట్టాలు తీసేసిన ఆరు నోళ్లలోంచి ఆరు నాలుకలు.
నీలం, నీలం, నీలం, నీలం,
అయిదోది పాలిపోయి, పొట్టిగా,
తెగి తెగి.
మైనం ముక్కలు అన్నిటి మీదా కరిగి కారాయి,
దానిమీద మాత్రం కూర్చునే ఉంది.

చెక్కపిడి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో ప్లగ్గునీ చంపి చూశాడు.
ఏది నొక్కినా ఇంజన్ మూలిగింది, అడుగు తడబడింది.
అయిదోది నొక్కాడు.
ఏమీ కాలేదు.
బంతిలోంచి ఒకరు లేచి వెళ్లిపోయినా
భోజనాల సందడి అలాగే సాగినట్టు.

ప్లగ్గు మార్చారు. వాల్వు విప్పారు.
వాల్వు నూరిన వినిఫ్రెడ్ హాక్స్‌బీని
నిద్రలేపి తీసుకొచ్చి అందరిముందూ అడిగారు.
ఆమె దాన్ని లాంతరు దగ్గర తిప్పి తిప్పి చూసి
"సందు లేదు" అంది.
వారం కూలిలో సగం కోస్తామన్నారు.
"సందు లేదు" అంది మళ్లీ.

రాత్రి రెండింటికి
పెట్రోలు, గాలి కలిసి వెళ్లే గొట్టం విప్పాడు పెల్లింగ్.
అయిదోదానికి తిరిగే మలుపులో
నూనె కాగితపు వాషరు.
దాని రంధ్రం చిన్నది.
అందరికీ వడ్డించి
ఆ ఒక్క విస్తరి దగ్గర గరిటె వంచని వడ్డన.

మంగళవారం, భోజనం గంట మోగుతుంటే
కత్తెర తొందరగా తిప్పిన చెయ్యి
ఇప్పుడు పలక పట్టుకుని ఉంది.

వాషరు లాంతరు వెలుగులోకి ఎత్తి
ఆ రంధ్రంలోంచి నన్ను చూశాడాయన.
కొత్త కాగితం, కత్తెర నా ముందు పెట్టాడు.
అంతే.

తెల్లారేసరికి ఆరు నీలాలు.
శనివారం వినిఫ్రెడ్ సగం కూలే లెక్కపెట్టుకుంది.
నా పక్క నుంచే వెళ్లింది.
నోరు తెరిచాను. ఇంజన్ల మోత.

వసంతంలో ఆ ఇంజన్ మా రేకుల మీదుగా ఎగిరిననాడు
అందరూ టోపీలు ఊపుతూ బయటికి పరిగెత్తారు.
నేను లోపలే నిలబడి వేళ్లు ముడిచాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,