గమనించడమైనది

షెపర్టన్ కౌన్సిల్ హాల్లో
పదకొండేళ్లుగా నా పని ఒక్కటే:
ఎవరేమన్నారో రాయడం,
ఎలా అన్నారో వదిలేయడం.

గొంతు వణికితే రాయను.
ఎవరైనా కునికితే అసలే రాయను.
"సుదీర్ఘ చర్చ జరిగినది" అంటే
టీ చల్లారిపోయిందని
నాకూ ఆ ఫ్లాస్కుకూ మాత్రమే తెలుసు.

ఆ మంగళవారం ఏడో అంశం, యువజన ప్రాంగణం.
తెరమీద రంగుల ప్లాను.
స్కేట్‌బోర్డు మీద గాల్లో తేలుతూ ఓ కుర్రాడు,
వాడికి మొహం లేదు.
గీసినవాళ్లు మెల్‌బోర్న్ నుంచి వచ్చారు,
వచ్చిన కారులోనే వెళ్లిపోతారు.

ఈ ఏడాది నుంచి యువతకని రెండు కుర్చీలు వేశాం.
మాట ఉంది, ఓటు లేదు.
విస్తరి ముందు కూర్చోబెట్టి
వడ్డన సంగతి మరిచిపోయినట్టు.
అందులో ఒక కుర్చీ కుంటిది.
అందులోనే కూర్చుంది ఎస్పెరాన్స్,
కాంగో వాళ్ల పిల్ల, పదిహేడేళ్లు,
సాయంత్రాలు పళ్ల షెడ్డులో పియర్లు పెట్టెలకెత్తుతుంది.
ముంజేతికి ఇంకా ఓ పండు స్టిక్కరు అంటుకునే ఉంది.

మేయరు గడియారం నొక్కింది. మూడు నిమిషాలు.

"బొమ్మ బాగుంది," అంది పిల్ల.
"అక్కడికి ఎలా రావాలి?
ఆఖరి బస్సు ఆరుంపావుకి.
మా షిఫ్టు తొమ్మిదికి వదులుతుంది.
కాలవ గట్టున ఒక్క దీపం లేదు.
ఫోను వెలుగులో నడుస్తాం,
ఛార్జింగు ఉన్న రోజున."

బస్సులు మన పరిధి కాదన్నారొకరు.
దీపాలకు ఈసారి బడ్జెట్ లేదన్నారింకొకరు.
"మీ అభిప్రాయం గమనించాం" అంది మేయరు, మర్యాదగానే.
నా వేళ్లు అలవాటుగా కొట్టేశాయి.

మా ఊరి తాలూకాఫీసులో
అర్జీల మీద ఎర్రసిరాతో ఉండేదీ మాట.
గమనించడమైనది.
ఆ "డమైనది" లో
చేసినవాడు ఎక్కడా కనబడడు.
తొంగి చూసినా కనబడడు.

"గమనించాక ఏమవుతుంది?"
పిల్ల అడిగింది మేయరును కాదు, నన్ను.
టైపు చేసేది నేనే కదా మరి.
పదకొండేళ్లలో ఆ హాల్లో
నన్నెవరూ ఏదీ అడగలేదు.
"కాగితంలో ఉంటుంది," అన్నాను.
"ఆ కాగితం ఎక్కడుంటుంది?"

గడియారం కూసింది.

అప్పటిదాకా నోరు విప్పని మొర్తజా
సంచిలోంచి బడి నోటుపుస్తకం తీశాడు.
పదకొండు రాత్రులు గట్టు మీద కూచుని
తొమ్మిదికీ పదికీ మధ్య
ఇంటికి నడిచినవాళ్లను గీతలు గీసి లెక్కపెట్టారట.
వాన పడ్డ రాత్రి పద్నాలుగు.
గురువారం నలభై ఒకటి.
పరుగెత్తినవాళ్లు, అందరూ ఆడపిల్లలే, ఆరు.
ఒక నక్క.

నాలుగుకు నాలుగు చేతులు లేచాయి.
మేయరు కాసేపు కళ్లజోడు తుడుచుకుంది.
ఫిబ్రవరికి వాయిదా.

నాకూ ఓటు లేదు.
కానీ ఏ కాగితం వెనక ఏ కాగితం కుట్టాలో
ఇంతవరకూ ఎవరూ నాకు చెప్పలేదు.
ఆ నోటుపుస్తకం మొత్తం, నక్కతో సహా,
జిరాక్సు తీసి అనుబంధం-బి అని కొట్టాను.
ఇకమీద ఏడో అంశం తెరవాలంటే
ఆ చీకటి పేజీలు తిప్పక తప్పదు.

కుర్చీలు మడతపెడుతూ చూశాను.
కుంటి కాలి కింద
నాలుగు మడతలుగా ప్లాను కాగితం,
మొహం లేని కుర్రాడు పైకి తేలి.
"ఫిబ్రవరికి స్క్రూడ్రైవర్ తెస్తాం," అన్నాడు మొర్తజా.
అది ఏ అంశం కింద రాయాలో తోచలేదు.

ఇంటికి హైవే మీదుగా వెళ్లేదాన్ని,
ఆ రాత్రి కాలవ దారి పట్టాను.
వంతెన దగ్గర కారాపి, అద్దం దించి,
కరెంటు బిల్లు వెనక గీతలు పెట్టాను.
పంతొమ్మిది మంది.
నక్క రాలేదు.