బ్రాకెట్టు బయట పన్నెండు

అంబాజీపేట కురిడీ కొట్టు షట్టరు దించాక
చేతులకంటిన పీచు వదలకుండానే
ఓపెన్ స్కూలు బల్ల మీద కూర్చుంటాను.
నలభై నాలుగేళ్ళకి పదో తరగతి.
మోకాళ్ళు బల్ల కింద పట్టవు.
కెజియా టీచరు వయసు నా వయసులో సగం, మీద ఒకటి.
ఆ లెక్క నేనే కట్టాను.

బోర్డు మీద రాసింది: వాస్తవ సంఖ్యల ధర్మాలు.
అంకెలకి కూడా ధర్మం ఉంటుందా అని అడిగాను.
"ఉంటుందండి. తప్పడం వాటికి చేతకాదు" అంది.

మొదటిది నాకు పాతదే.
మూడు పుంజీలు ముందేసి ఐదు పుంజీలు తర్వాతేసినా,
ఐదు ముందు, మూడు తర్వాతైనా
రాశిలో ముప్పై రెండు కాయలే.
పేరే ఇవాళ తెలిసింది, స్థిత్యంతరమట.
ఇన్నాళ్ళూ పక్కనే కాయలు వలిచిన మనిషి
ఇప్పుడు ఇంటిపేరు చెప్పినట్టుంది.

తీసివేతకి ఆ ధర్మం లేదట.
ఎందుకుంటుంది?
ఐదొందల కూలిలో మూడొందల బాకీ పోతే
కూరకి రెండొందలు.
మూడొందల కూలిలో ఐదొందల బాకీ పోతే
ఆదివారం కూడా కొట్టుకి రావాలి.

సున్న దగ్గర ఆగిపోయాను.
మా నాన్న లొల్ల లాకుల దగ్గర తలుపులు తిప్పేవాడు.
పడవ లోపలికొచ్చి నిలబడితే
పై నీటికీ కింది నీటికీ తేడా సున్న అయ్యేదాకా
తలుపు కదలదు, పదిమంది తోసినా.
"నీళ్ళని సర్దుకోనీ" అనేవాడు, బీడీ ఆర్పకుండా.
టీచరు సమీకరణం రాసి
ఇటు ఏడు, అటు ఏడు తీసేసినప్పుడు
నాకు ఎక్స్ కనపడలేదు,
పడవ కదిలింది.

గజం పొడవు, గజం వెడల్పు గోనెపట్టా.
మూలకి మూల తాడు పడితే ఎంత?
ఒకటి, పాయింటు నాలుగు, ఒకటి, నాలుగు, రెండు...
చాక్‌పీసు అరిగింది, అంకె అవలేదు.
తాడు మాత్రం నా రెండు చేతుల మధ్య
బిగుతుగా, మొదలూ చివరా ఉండి.

విభాగ న్యాయం చెప్పిన రాత్రి నిద్ర పట్టలేదు.
బ్రాకెట్టు బయట ఉన్నది
లోపలి వాళ్ళందరి గుమ్మమూ తొక్కాలట.
మొదటింటి దగ్గరే ఆగిపోతే తప్పు.
క్లాసులో సగం మందిమి అలాగే ఆపాం.
నా పుస్తకంలో ఎర్ర సిరా.

మా ముఠాలో పన్నెండు మందిమి.
మనిషికి మూడొందల యాభై కూలి,
ముసురు రోజుల్లో ఒప్పుకున్న టీ డబ్బులు ఇరవై.
మేస్త్రీ ఏడుకొండలు పుస్తకంలో
రోజుకి నాలుగు వేల రెండొందల ఇరవై.
"టీ డబ్బులు కలిపేశానే" అన్నాడు.
కలిపాడు, అబద్ధం కాదు.

శనివారం ఆ పుస్తకం నా వైపు తిప్పుకుని
పెన్సిల్‌తో బ్రాకెట్టు గీశాను.
బయట పన్నెండు. లోపల కూలీ, టీ.
"ఏంటిది వరహాలూ?"
"ఈ పన్నెండు రెండో గుమ్మానికి ఎళ్ళలేదండి.
నాలుగు వేల నాలుగొందల నలభై ఆయ్."
రోజుకి రెండొందల ఇరవై,
ఆరు రోజులకి పదమూడొందల ఇరవై తేడా.
అతను రెండుసార్లు చూశాడు,
ఒకసారి క్యాలిక్యులేటర్లో,
ఒకసారి నా మొహంలో.

ఈ వారానిది ఇచ్చాడు.
వెనకటి వారాలవి సేటుని అడగాలట.
ఆ లెక్కలో ఎక్స్ ఇంకా తేలలేదు.

పాదమ్మ డొక్కల పొడిలో వేలు పెట్టి
"ఆ గీత ఎలా గీశావే, నాకూ చూపించు" అంది.
గీసింది, తిరగేసి.
రెండు వంపులూ ఒకదానికొకటి వీపు చూపించుకుని,
లోపలి వాళ్ళని బయటికి తోస్తున్నట్టు.
వేలు పట్టుకుని
మళ్ళీ గీయించాను.