ఉప్పుగల్లు, తీగముక్క

గాజువాక జూనియర్ కాలేజీ లేబులో
పదిహేడేళ్లుగా పరీక్షనాళికలు కడుగుతున్నాను.
పాఠం నాకెవరూ చెప్పలేదు.
గోడవారన నిలబడితే చెవిన పడింది.

సోడియాన్ని కిరసనాయిల్లో ముంచి ఉంచుతాం.
బయటికి తీస్తే గాలితోనే తగువు దానికి.
చివరి వరసలో ఒకే ఒక్క ఎలక్ట్రాను,
సింధియా బస్సు ఫుట్‌బోర్డు మీద
ఒంటికాలితో వేలాడే కుర్రాడిలా.
క్లోరిన్‌కి సరిగ్గా ఆ ఒక్కటే తక్కువ.
"ఇది ఇచ్చింది, అది పుచ్చుకుంది" అని
పరదేశి మేస్టారు బోర్డు మీద బాణం గీస్తారు.
ఆ బాణం దగ్గరే ఏటా సుద్ద విరుగుతుంది.

పెదజాలారిపేటలో మా అమ్మ కాసులమ్మ
కానాగంతలు చీరి ఉప్పు పట్టిస్తూ అడిగింది:
"ఇచ్చిందా, ఆడు లాక్కున్నాడా?
సరిగ్గా సెప్పు."

తెలీదన్నాను.
ఇవ్వడానికి ఖర్చవుతుందని మాత్రం తెలుసు.
పుచ్చుకున్నవాడి దగ్గర్నుంచి వచ్చేది ఆ ఖర్చుకి చాలదు.
ఎడంగా ఉండి ఇచ్చిపుచ్చుకుంటే లెక్క అప్పులోనే ఆగుతుంది.
దగ్గరికి చేరాలి.
ఒకడి చుట్టూ ఆరుగురు,
ఆ ఆరుగురిలో ఒక్కొక్కడి చుట్టూ మళ్లీ ఆరుగురు.
అప్పుడు వేడి పుడుతుంది, అప్పు తీరి పైన మిగులుతుంది.
డీజిలు అరువు పెట్టి వేటకెళ్లిన బోటు
హార్బరులో తూకం పడ్డాక ఊపిరి తీసినట్టు.

"అయితే ఎవరికెవరు?"
ఈ సోడియం ఆ క్లోరిన్‌దని
ఉప్పుగల్లులో ఏ మూలా రాసిలేదు.
జంటలు లేవమ్మా, వరసలే.
అమ్మ గుప్పెట్లో ఉప్పుని కాసేపు చూసింది,
ఏమీ అనలేదు.

బి షిఫ్టు దిగి తమ్ముడు ఎల్లాజీ వచ్చాడు,
జేబులో జానెడు తీగముక్క.
వైర్ రాడ్ మిల్లులో కాంట్రాక్టు పని.
ఎర్రగా పరిగెత్తే ఇనుముని రోజూ చూసేవాడికి
దాని లోపలి సంగతి అక్కర్లేదు. అన్నం అడిగాడు.
వడ్డిస్తూ చెప్పాను:
ఇనుములో ఎవరి ఎలక్ట్రాన్లు వాళ్లు దాచుకోరు, వదిలేస్తారు.
అవి అందరి మధ్యా తిరుగుతుంటాయి.
పుస్తకంలో ఎలక్ట్రాన్ల సముద్రం అని ఉంది,
సముద్రం ఎన్నడూ చూడనివాడెవడో రాసినట్టుంది.
నన్నడిగితే అలివి వల.
ఒకడు బీడీకని పక్కకెళ్తాడు,
వెనకవాడు ముందుకొస్తాడు,
తాడు మాత్రం ఇసక మీద పడదు.

"మరి వాటా?" అన్నాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ.
"ఉమ్మడి తాడుకి వాటా ఎవడేస్తాడు?"
ఆ ప్రశ్నకి మేస్టారి దగ్గర కూడా బాణం లేదు.

అమ్మ పొత్రం తీసి
ఉప్పుగల్లు మీద ఒక్కటేసింది.
పటుక్కున పగిలింది, పగిలిన ముఖం అద్దంలా నున్నగా.
ఒక వరస ఒక్క అడుగు జరిగితే చాలు,
ప్లస్సుకి ప్లస్సే ఎదురుపడుతుంది,
గిట్టనివాళ్లు అక్కడ ఒక్క క్షణం నిలవరు.
తీగ మీదా వేసింది.
నలిగింది, చదునైంది, కిక్కురుమనలేదు.
జరిగిన వరసకి పొరుగు మారింది,
నడుమ తిరిగేవాళ్లు మారలేదు.

"ఏది మంచిదంటావే?" అన్నాను.
పగిలిన ఉప్పంతా చేటలోకి ఊడ్చి
అమ్మ మళ్లీ చేపల దగ్గర కూర్చుంది.

రాత్రి కిటికీ ఊచ పట్టుకుంటే అరచేతికి ఎర్రపొడి.
రెండేళ్ల నాటి పెయింటు కింద ఇనుము పొట్టు లేస్తోంది.
పొడి ఉప్పుకి మా లేబులో బల్బు వెలగదు,
నీళ్లు పొయ్యగానే వెలుగుతుంది.
ఇక్కడ నీళ్లు పోసేది కెరటాల మీంచి వచ్చే గాలి.
ఇనుములోంచి ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు గుంజుకుంటుంటే
తడిలో విడిపోయిన సోడియం, క్లోరిన్
దారి సాఫు చేసిపెడుతున్నాయి.

ఆదివారం పెయింటు వేస్తానని
ఎల్లాజీ నిద్రలోకి జారాడు. కిందటేడూ అన్నాడు.
ఎవరూ చూడకుండా అరచెయ్యి నాలిక్కి తగిలించాను.
ముందు ఉప్పు.
కాసేపటికి, నాలుక వెనక, ఇనుము.