మాడకముందు రంగు

పిండీ నూనే.
మొదలు అంతే.
సన్నటి సెగ మీద నలభై నిమిషాలు
గరిటె ఆగకూడదు.
ఫోను మోగినా, ఎవరో బెల్లు కొట్టినా,
కరెంటు పోయినా సరే.
ముందు గంధం, తర్వాత వేరుశనగ పొట్టు,
ఆ తర్వాత కొత్త ఇటుక,
చివరికి తడిసిన నల్లరేగడి.
ఇంకొక్క నిమిషం దాటితే మాడు.
ఆ నిమిషానికి ముందే ఉల్లిపాయ పడాలి.

ఇది నాకు నేర్పింది డెల్ఫీన్.
మా ఓడ ఇంజను చెడి
న్యూ ఆర్లీన్స్ రేవులో పదకొండు రోజులు ఆగిన ఏడు,
నావికుల క్యాంటీన్లో
నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి
తను కుర్చీ లాక్కుని కూర్చుంది.
రెండుసార్లు మాడ్చాను. రెండుసార్లూ పారబోయించింది.
మూడోసారి వాసన చూసి
ఏమీ అనలేదు,
తన పళ్ళెం ముందుకు జరిపింది.

ఇప్పుడు సఫిల్‌గూడ. ఐదో అంతస్తు మీద డాబా.
రేపు విభూది బుధవారం.
ఈ రాత్రి తిన్నదే తిండి, ఆపైన నలభై రోజులు పప్పూ చారూ.
మాస్కులు బేగంబజార్లో డజను నూట ఎనభై.
పూసలు లాడ్‌బజార్‌లో, ఊదా, ఆకుపచ్చ, బంగారు.
"పెళ్ళా?" అన్నాడు కొట్టువాడు.
"కాదు, ఉపవాసం."
నా మొహం ఓసారి చూసి
రెండు దండలు ఊరికే ఇచ్చాడు.

రొయ్యలు రామ్‌నగర్‌వి.
సెలరీ దొరక్క కొత్తిమీర కాడలు.

గంబో అంటే అసలు బెండకాయేనట,
గొలుసులతో ఓడలెక్కించిన ఆఫ్రికా వాళ్ళ
నాలుక మీద మిగిలిన మాటట,
అని నేను మొదలుపెట్టేలోపు
భ్రమరాంబగారు నెమలీకల మాస్కు నుదుటికి నెట్టుకుని
రొయ్యలు వేయని తన విడిగిన్నెలో చెంచా ముంచి
"బెండకాయ పులుసే. చింతపండు మర్చిపోయావు" అన్నారు.
ఇరవై ఆరేళ్ళ నా సముద్రం
ఆ ఒక్కమాటకి ఇంకిపోయింది.

జంబలాయా దగ్గర మహజబీన్:
"పొరల్లేవు, దమ్ లేదు.
బిర్యానీ అననంతవరకు నాకేం గొడవ లేదు."
అంటూనే మూడోసారి వడ్డించుకుంది.
ఎల్లుండి నుంచి ఆమెకు రోజాలు.
మొన్నటి శివరాత్రి జాగారం ఇంకా కళ్ళలోనే ఉన్న నరహరి
ట్రంపెట్ పాటకి తీన్మార్ వేశాడు.
వింతేమిటంటే, సరిపోయింది.

కేకులో చిన్న పాపాయి బొమ్మ దాచాలి.
నా దగ్గరున్నది చింతగింజ.
ఎవరి ముక్కలో వస్తే
వచ్చే ఏటి విందు వాళ్ళది.
కేకు అయిపోయింది. గింజ రాలేదు.
ఒకరి దవడలు ఒకరం అనుమానంగా చూసుకున్నాం.
మాస్కుల వెనక అందరూ అమాయకులే.
"ఎవరో మింగేశారు" అని తేల్చేశారు భ్రమరాంబగారు,
"చెట్టు మొలిస్తే తెలుస్తుంది."

పొద్దున నుదుట బూడిదతో చర్చి నుంచి వస్తుంటే
గేటు దగ్గర మల్కయ్య లేచి నిలబడ్డాడు.
చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు.
విప్పితే గింజ,
కడిగి తుడిచి ఉంది.
"రాత్రే దొరికింది సార్. చెప్పలే.
మా రూము మీరు చూసిందే, మోటరు పక్కన.
పది మంది లోపలికొస్తే
నేను బయట నిలబడాలె."

నాకు జవాబు తోచలేదు.
అతని నడుముకి వేలాడే తాళాల గుత్తి చూస్తూ ఉండిపోయాను.
డాబా తాళంచెవి అందులోనిదే.
నిన్న మేమంతా పైకెక్కింది
అతను తలుపు తీస్తేనే.
"డాబా నీదేగా మల్కయ్యా."

చాలాసేపు ఆలోచించాడు. ఈలోగా ఒక నీళ్ళ ట్యాంకరు వచ్చి పోయింది.
"జొన్న గట్క పెట్టొచ్చా సార్, తలకాయ కూరతోని?"
"పెట్టొచ్చు. మాస్కు మాత్రం తప్పదు."
"అయితే గా నెమలీకలది నాకే."

గిన్నెలో ఇంకా రెండు గరిటెల గంబో మిగిలింది.
నేనింక ముట్టకూడదు.
తెచ్చి చేతికిచ్చాను.
మూత తీసి వాసన చూశాడు.
"జర అడుగంటింది సార్" అన్నాడు.
గిన్నె మాత్రం వదల్లేదు.