గుడ్డి పేగులు రెండు

పొమా సిమెంటు సంచిలో ఐదు పిల్లల్ని తెచ్చింది.
నాలుగు వారాల పెట్టపిల్లలు.
రెండు చచ్చాయి. రెండు చావడం మొదలుపెట్టాయి.
ఐదోది సంచి నోట్లోంచి తల బయటపెట్టి
నా చొక్కా గుండీని గింజనుకుని పొడిచింది.

"విషం పెట్టాడు," అంది కూర్చోకుండానే.
"ఎవరు?"
"ఇంకెవరు, టానో. పనిలోంచి తీసేశాను కదా, ఆ కసి."

డోర్మాలో వారంగా వాన వదలడం లేదు.
రేకుల కప్పు మీద చప్పుడికి
మాటలు సగం సగమే చెవిన పడుతున్నాయి.
గొడుగులమ్మే పిల్ల కూడా తడిసిపోయి
నా మెట్ల మీద నిలబడి ఉంది.

నేనేమీ అనలేదు.
పన్నెండేళ్ళుగా ఈ బల్ల మీద కోళ్ళను కోస్తున్నాను.
మనుషులు చెప్పింది వింటాను,
కోడి చెప్పింది రాసుకుంటాను.

ఈకలు తడిపి, తొడలు విరిచి,
రొమ్ము కింద తోలు లాగి కత్తెర పెట్టాను.
కందనకాయ మామూలే. లోపల రెండు గులకరాళ్ళు, ఒక గడ్డిపోచ.
కాలేజం పాలిపోయింది,
రెండోసారి కాచిన టీపొడిలాగా.

కోడికి గుడ్డి పేగులు రెండు.
అవతలి కొసకు దారి లేనివి,
వచ్చినదంతా వచ్చిన తోవనే
వెనక్కి పోవలసినవి.
చిటికెన వేలంత ఉండే ఆ రెండూ
ముదిరిన వంకాయ రంగుకి తిరిగి ఉబ్బి ఉన్నాయి.
చీల్చాను.
గడ్డకట్టి, పేగు ఆకారమే
తన ఆకారం చేసుకున్న నెత్తురు.

"దగ్గరికొచ్చి చూడు."
చూడలేదు. గోడ మీద
పోయినేటి కేలెండరు వైపు తిరిగింది.

గాజుపలక మీద ఒక చుక్క.
అద్దం కింద అవే, అచ్చం కోడిగుడ్ల లాంటివి,
ఎవరూ పొదగకుండానే పొదిగేవి.
వాటికి కావలసినవి వెచ్చదనం, గాలి, తడి.
మొదటి రెండూ కోడిపిల్లకీ కావాలి.
అందుకే లెక్క ఎప్పుడూ
తడి దగ్గరే తేలుతుంది.

"నీళ్ళ గొట్టం ఎక్కడ కారుతోంది?"

చాలాసేపటికి అంది,
"తూర్పు వైపు. మూడో నిపుల్."
"ఎన్నాళ్ళుగా?"
"వాడు చెప్పాడు."

వాన కాస్త తగ్గింది కాబోలు,
ఈ మాట పూర్తిగా వినబడింది.

"పొట్టు పిడికిట్లో పట్టి చూపించాడు.
ముద్ద కడుతోంది పెద్దమ్మా, విడిపోవడం లేదు, మారుద్దాం అన్నాడు.
బస్తా రంపపుపొట్టు ఎంతో నీకేం తెలుసన్నాను.
మళ్ళీ చెప్పాడు.
మూడోసారి చెప్పినప్పుడు, పొమ్మన్నాను."

టానో ఆమె చెల్లెలి కొడుకు.
ఇక్కడ వంశం తల్లి కడుపు వెంట నడుస్తుంది.
పొమా పోయాక ఆ షెడ్డు తాళాలు వాడివే,
ముందు నడిచి ఆమెను సాగనంపాల్సిందీ వాడే.
ఒక్క పేగు తెంచుకు పుట్టిన అక్కచెల్లెళ్ళు.
ఆ పేగు కొసన వాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
పడింది.
బల్ల అంచు నుంచి జారి,
కొంచెం ఆమె చెప్పు మీద.
తుడుచుకోలేదు.

మందు రాశాను. ఐదు రోజులు, నీళ్ళలో.
ముందు ఆ నిపుల్ మార్చు.
తడిపొట్టు దూరంగా పారబోయి,
పార కూడా కడుగు.

"పూర్తిగా పోతుందా?"

పోదు. పోకూడదు కూడా.
కొంచెం మిగలాలి,
పేగు దాని మొహం గుర్తుపెట్టుకునేంత.
బతికినవి రేపు గుడ్లు పెడతాయి,
దీన్ని కడుపులో పెట్టుకునే పెడతాయి.

మూడింటినీ సంచిలో సర్దుకుంది.
మెట్ల మీద ఫోను తీసి
చాలాసేపు పట్టుకుంది, నొక్కలేదు.
గొడుగు బేరమాడింది, కొనలేదు.
తర్వాత ఏం చేసిందో నాకు తెలియదు.

శనివారం పొద్దున తలుపు తీస్తే
గుమ్మం పక్కన ముడేసిన ప్లాస్టిక్ కవరు.
చీటీ లేదు, పేరు లేదు.
లోపల పిడికెడు పొట్టు.

పిడికిలి బిగించి వదిలాను.
వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది,
కాస్త మాత్రం
అరచేతికి అంటుకుని.